దారి చూపే పెట్టెకు అంత తెలివి వద్దు

"అన్నిటినీ తెచ్చి ఒక హబ్‌కి తగిలించండి. ఏ సందేశం ఎవరికి చేరాలో ఇక అదే చూసుకుంటుంది." పద్దెనిమిదేళ్లుగా ఈ మాట వింటున్నాను. పెట్టె పేరు మారుతూ వచ్చింది. మొదట సర్వీస్ బస్ అన్నారు, తర్వాత ప్లాట్‌ఫామ్ అన్నారు, ఇప్పుడు దానికి ఏఐ కూడా తోడైందంటున్నారు. మాట మాత్రం అదే. ఒక సంస్థలోని పది సాఫ్ట్‌వేర్ల చేత ఒకదానితో ఒకటి మాట్లాడించడం నా వృత్తి. మాది పలాస దగ్గర ఉద్దానం. జీడితోటల్లో పెరిగి ఈ పనిలోకి వచ్చినవాణ్ని. ఆ మాట తప్పని, ఆ తప్పు ఖరీదు ఎప్పుడూ చిట్టచివర నిలబడ్డ మనిషే కడుతున్నాడని నా నమ్మకం.

ముందు ఎదుటి పక్షం బలమేమిటో చెప్పాలి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం రాష్ట్ర విభజన తర్వాత ఈ-ప్రగతి అనే పెద్ద పథకం వేసుకుంది. 33 శాఖలు, 315 సంస్థలు, అన్నిటికీ కలిపి ఒకే నిర్మాణ చిత్రం. శాఖల మధ్య సమాచారం నడిచే దారికి ఈ-హైవే అని పేరు పెట్టుకున్నారు. ఎందుకు అవసరమైంది? 33 శాఖల్లో ప్రతి రెండిటినీ నేరుగా కలపాలంటే 528 తీగలు కావాలి. ఒక్కో తీగనీ ఒక్కో కాంట్రాక్టరు ఒక్కో పద్ధతిలో వేస్తే, ఆ చిక్కు విప్పడం ఎవరి తరమూ కాదు. మధ్యలో ఒక కూడలి పెడితే 33 తీగలతో సరిపోతుంది. ఈ లెక్కలో తప్పు లేదు. ఆ బాధ నిజమైనది, దాన్ని గుర్తించినవాళ్లు తెలివైనవాళ్లు.

కానీ తగ్గింది తీగలే. నిర్ణయాలు తగ్గలేదు. రెవెన్యూ నుంచి వచ్చిన ఈ కాగితం ఉద్యానశాఖకు పోవాలా, బ్యాంకుకు పోవాలా, రెండిటికీనా, ఏది ముందు, జవాబు రాకపోతే ఏం చేయాలి అన్న ప్రశ్నలు 528 తీగల మీద పరుచుకుని ఉన్నప్పుడు కనీసం కంటికి కనిపించేవి. ఇప్పుడవన్నీ ఒక పెట్టెలోకి వెళ్లి మూతపడ్డాయి. చిక్కుపడ్డ దారాన్ని డబ్బాలో కుక్కి చిక్కు తీసేశామనుకోవడం లాంటిది ఇది. ఆ పెట్టె లోపల ఏముందో రాసినవాడికే తెలుసు. వాడు రెండేళ్లకి ఉద్యోగం మారతాడు.

ఈ రంగంలో అందరూ చదివే పుస్తకం గ్రెగర్ హోప్, బాబీ వుల్ఫ్ 2003లో రాశారు. సందేశాలతో సాఫ్ట్‌వేర్లను కలిపే 65 పద్ధతులకు అందులో పేర్లు పెట్టారు. దారి చూపించే పద్ధతులకు ఒక పెద్ద అధ్యాయమే ఉంది. లోపలి సరుకు చూసి దారి మార్చే రౌటర్, అక్కర్లేనివి ఆపేసే వడపోత, ఒకదాన్ని ముక్కలు చేసి పంచేది, ముక్కల్ని తిరిగి పోగుచేసేది, వరస తప్పినవాటిని వరసలో పెట్టేది, ఏయే మజిలీల మీదుగా వెళ్లాలో సందేశం వీపుమీదే చీటీ అంటించేది. ఆ పుస్తకాన్ని ఉదహరించి హబ్ అమ్మేవాళ్లని చాలామందిని చూశాను. సరుకు చూసి దారి మార్చే రౌటర్‌కి ఉన్న చెడ్డ గుణాన్ని కూడా ఆ పుస్తకమే చెప్పింది. అందుకోబోయే ప్రతివాడి గురించీ ఆ రౌటర్‌కి తెలిసి ఉండాలి. ఒక్కడు మారినా రౌటర్‌ని విప్పాలి. ఈ పేజీ దగ్గరికి వచ్చేసరికి మన సమావేశాలు ముగిసిపోతాయి.

ఆ రౌటర్ పని ఎలా ఉంటుందో చూడాలంటే పలాస పక్కన కాశీబుగ్గలో ఏ జీడి బట్టీకైనా వెళ్లండి. గ్రేడింగ్ బల్ల చుట్టూ ఆడవాళ్లు కూర్చుని ఉంటారు. ముందు పప్పు రాశిగా పోసి ఉంటుంది. గుండు ఒక పక్క, బద్ద ఒక పక్క, ముక్క ఒక పక్క. గుండులో మళ్లీ సైజులు: 180, 210, 240, 320. ఆ అంకె పౌను బరువుకి ఎన్ని గింజలు తూగుతాయన్న లెక్క. అంకె పెరిగేకొద్దీ గింజ చిన్నది, ధర తక్కువ. చేతికి తగిలిన గింజ ఏ గంపలో పడాలో వేళ్లకే తెలుస్తుంది. ఏ గ్రేడుకీ చెందనిది, పొర వదలనిది, మచ్చ పడ్డది బలవంతంగా ఏదో ఒక గంపలోకి పోదు. పక్కనున్న పళ్లెంలో పడుతుంది. ఆ పళ్లేన్ని తర్వాత ఒక మనిషి చూస్తుంది. నిర్ణయం సరుకు దగ్గరే జరుగుతుంది, తేలనిదానికి ఒక చోటుంటుంది, ఆ చోటుకి ఒక మనిషి ఉంటుంది. నేను చూసిన హబ్‌లలో చాలావాటికి ఆ పళ్లెం లేదు. ఉన్నచోట దాన్ని చూసే మనిషి లేదు.

ఇది వట్టి పోలిక కాదు, నా చేతుల మీదుగా జరిగిన నష్టం. 2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలో 13 జిల్లాలు 26 అయ్యాయి. ఆ సర్దుబాటులోనే అంతకుముందు టెక్కలి డివిజన్‌లో ఉన్న పలాస వైపు మండలాలు విడిపోయి పలాస కొత్త రెవెన్యూ డివిజన్ అయింది. ఆ రోజుల్లో నేను పనిచేస్తున్న ఒక సంస్థలో, పేరు అవసరం లేదు, దరఖాస్తులు హబ్‌లోకి వచ్చి డివిజన్ పేరుని బట్టి దారులు పట్టేవి. టెక్కలి అని ఉంటే ఇటు, శ్రీకాకుళం అని ఉంటే అటు. పలాస అని ఉంటే? ఆ పేరుతో నిబంధన లేదు. ఏ నిబంధనకీ తగలనివి పోయే ఒక కొమ్మ ఉంది, వాటిని ఒక ఫైల్లో రాసుకుని ముందుకు సాగిపోతుంది. పంపినవాళ్ల తెరమీద 'అందింది' అనే వచ్చింది. అందుకోవాల్సినవాళ్ల తెరమీద ఏమీ రాలేదు. హబ్ ఆరోగ్యం చూపించే బోర్డు మీద అన్నీ పచ్చగానే ఉన్నాయి. మూడు వారాలు గడిచాయి.

తప్పు పట్టుకున్నది మా పరిశీలన బృందం కాదు. పలాసలో కౌంటర్ దగ్గర కూర్చునే ఒక ఉద్యోగిని. ఆమె ఫోన్ చేసి అడిగిన మాట ఇప్పటికీ చెవిలో ఉంది. "మా డివిజను మారిపోనాది కదా బాబూ, మీ కంప్యూటరుకి ఎవులూ సెప్పనేదా?"

ఎవరు చెప్పాలి? మార్పు జరిగిన సంగతి పలాసలో అందరికీ తెలుసు. ఆర్డీవో ఆఫీసు బోర్డు వెలిసింది. ఆటోవాళ్లకి తెలుసు. తెలియనిది ఒక్క హబ్‌కే. పలాస పేరు చేర్చడానికి మా పద్ధతిలో ఒక మార్పు అర్జీ, దానికొక అంచనా, దానికొక ఆమోదం, నెలకొకసారి వచ్చే విడుదల. తెలిసినవాళ్ల చేతిలో అధికారం లేదు, అధికారం ఉన్నవాళ్లకి తెలియదు. "నిబంధనలన్నీ ఒకచోట ఉంటే మార్చడం తేలిక" అనే వాదన మీద నాకున్న గౌరవం ఆ రోజుతో పోయింది. తేలికే, కాకపోతే ఆ ఒకచోట కూర్చున్నవాళ్లకి మాత్రమే.

మరి మధ్యలో ఏమీ వద్దంటావా అని అడుగుతారు. వద్దనడం లేదు. మధ్యలో ఉన్నది తక్కువ తెలిసినదై ఉండాలంటున్నాను. ఇది నేను కనిపెట్టిన సూత్రం కాదు. మన పోస్టాఫీసు చూడండి. 1972 ఆగస్టు 15న పిన్ కోడ్ వచ్చింది. ఢిల్లీలో ఉత్తరాలు వేరుచేసే మనిషి మొదటి అంకె 5 చూసి ఆంధ్ర, తెలంగాణ, కర్ణాటక వైపు సంచిలో వేస్తాడు. ఆయనకి పలాస ఎక్కడుందో తెలియాల్సిన పని లేదు. 532 అని చూసినవాళ్లు శ్రీకాకుళం జిల్లా అనుకుంటారు. చివరి మూడంకెలు పోస్టాఫీసు వరకే తెస్తాయి. అక్కడినుంచి ఇల్లు వెతకడం పోస్టుమ్యాన్ పని. ఫలానావాళ్లు కొబ్బరితోట పక్కకి మారిపోయారని ఆయనకి తెలుసు, ఢిల్లీకి తెలియనక్కర్లేదు. ఇల్లు మారితే ఢిల్లీలో నిబంధన మార్చనక్కర్లేదు. ఎవరికీ చెందని ఉత్తరాల కోసం తపాలాశాఖ ప్రత్యేకంగా ఆఫీసులే నడిపింది, విప్పి చూసి పంపినవాళ్లకి తిప్పి చేర్చడానికి. మా రంగంలో చేరని సందేశాల పెట్టెకి పేరు ఆ తపాలా సంప్రదాయం నుంచే వచ్చింది. పేరు తెచ్చుకున్నాం, ఆఫీసు తెచ్చుకోలేదు.

ఉత్తరాల కాలం పోయిందంటారా? కాశీబుగ్గ బస్టాండు దగ్గర టీ తాగి యూపీఐలో పది రూపాయలు కొట్టండి. 2016లో మొదలైన ఈ ఏర్పాటులో మధ్యలో ఉన్నది ఎన్‌పీసీఐ. చిరునామాలో ఎట్ గుర్తు తర్వాత ఉన్న ముక్క చూసి, అది ఎవరిదో వాళ్లని అడిగి పంపుతుంది. ఎట్ గుర్తుకి ముందున్న పేరు ఏ ఖాతాకి చెందుతుందో చెప్పేది ఆ చివరనున్నవాళ్లే. దేశమంతా వాడే కూడలి అది. తనకి తెలియాల్సినంతే తెలుసుకుని మిగతాది చివరలకి వదిలేసింది, అందుకే అంత బరువు మోయగలుగుతోంది. నెట్‌వర్క్ మధ్యలో తెలివి పెంచితే లాభం తక్కువని, సరిగ్గా చేరిందో లేదో తేల్చగలిగేది రెండు చివరలే అని సాల్ట్జర్, రీడ్, క్లార్క్ 1984లోనే వాదించారు. 2014లో జేమ్స్ లూయిస్, మార్టిన్ ఫౌలర్ మైక్రోసర్వీసుల గురించి రాస్తూ దారులు మొద్దుగా ఉండాలి, చివరలు తెలివిగా ఉండాలి అన్నారు. ముప్ఫై ఏళ్ల తేడాతో ఒకే మాట. అయినా కొత్త టెండరు వచ్చినప్పుడల్లా మన దగ్గర పెట్టె తెలివే పెరుగుతుంది.

ఇక్కడ ఇంకో అభ్యంతరం వస్తుంది. అన్నీ ఒకచోట నమోదు కావద్దా, తనిఖీ ఎలా అని. నమోదు కావాలి. కానీ నమోదు చేయడం వేరు, నిర్ణయించడం వేరు. పోయే ప్రతి సందేశానికీ ఒక నకలు తీసి పక్కన దాచుకునే పద్ధతి ఆ 65లోనే ఉంది. దానికి దారి మార్చే అధికారం అక్కర్లేదు. పద్దు రాసే గుమాస్తాని తెచ్చి తీర్పు చెప్పే కుర్చీలో కూర్చోబెట్టారు, నా తగాదా దానితోనే.

"చివరల్లో తెలివెక్కడుంది, గ్రామ సచివాలయంలో ఎవరున్నారు?" అనేవాళ్లకి మాత్రం మెత్తగా జవాబు చెప్పలేను. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గరే తీరం దాటింది. గంటకి 140, 150 కిలోమీటర్ల గాలి. కొబ్బరి చెట్లు వరసలుగా పడిపోయాయి, పాతికేళ్ల జీడితోటలు వేళ్లతో లేచిపోయాయి, కరెంటు స్తంభాలు విరిగాయి, సెల్ టవర్లు మూగబోయాయి. ఉద్దానం ఊళ్లకి రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటి రోజున మధ్యలోని తెలివైన పెట్టె ఏం చేస్తుంది? మామూలుగా దానికి రాసిపెట్టిన నిబంధన ఇది: మూడుసార్లు పంపు, జవాబు రాకపోతే విఫలమని రాసి వదిలేయి. ఆ మూడుసార్లు నిమిషంలో అయిపోతాయి. మందస కొండ కింద కరెంటు వచ్చేది వారానికి. వారమైనా దాచిపెట్టి, దారి తెరుచుకోగానే పంపే వరస చివరన ఉండాలి, అక్కడి యంత్రంలోనే, అక్కడి మనుషుల చేతిలో. కరెంటు వచ్చాక ఇంకో తమాషా జరుగుతుంది. ఇంతకుముందు వెళ్లిందో లేదో తెలియక ఆపరేటరు అదే అర్జీని మళ్లీ నొక్కుతాడు. రెండూ వెళతాయి. ఇవి రెండా, ఒకటేనా? దారి చూపేదానికి రెండూ వేర్వేరు సందేశాలు. ఒకే చెట్టుకి రెండుసార్లు పరిహారం లెక్కపడకుండా ఆపగలిగింది ఆ చెట్టు లెక్క ఉన్నచోటే.

పరిహారం సంగతే ఇంకొంచెం చూద్దాం, ఎందుకంటే అసలు ప్రమాదం ఇక్కడుంది. ఒక రైతు అర్జీ పెట్టాడనుకోండి. దాన్ని మూడు ముక్కలు చేయాలి. భూమి ఎవరిదో రెవెన్యూ చెప్పాలి, ఎన్ని చెట్లు పోయాయో ఉద్యానశాఖ చెప్పాలి, ఖాతా ఆయనదేనా అని బ్యాంకు చెప్పాలి. మూడు జవాబులూ వచ్చాక పోగుచేసి ఒక నిర్ణయంగా కట్టాలి. పోగుచేసేదానికి ఒక ప్రశ్న తప్పదు: ఎంతసేపు ఆగాలి? మూడోది రాకపోతే రెండిటితో సాగాలా, అర్జీ కొట్టేయాలా? ఉద్దానంలో పట్టా తాత పేరున ఉంటుంది, తాత పోయి ఇరవై ఏళ్లవుతుంది, తోట చేసేది మనవడు, ఆ మనవడూ వలస వెళ్లి ఉంటాడు. రెవెన్యూ జవాబు ఆ పేరుతో ఎప్పటికీ రాదు. 'డెబ్బై రెండు గంటలు చూడు, ఆపైన తిరస్కరించు' అని ఒక కుర్రాడు హైదరాబాద్‌లో ఒక పెట్టెలో అంకె కొడతాడు. వాడి తప్పు కాదు, ఏదో ఒక అంకె కొట్టకపోతే ప్రోగ్రాం నడవదు. కానీ ఆ అంకె సాంకేతిక విషయం కాదు, ఒక కుటుంబానికి పరిహారం వస్తుందో రాదో తేల్చే తీర్పు. తహసీల్దారు సంతకం పెట్టాల్సిన చోట, ఊళ్లో విచారించి చెప్పాల్సిన చోట, హబ్ సెట్టింగు కూర్చుంది. ఏ శాసనసభా చర్చించని అంకె అది. ఏ ఉత్తర్వులోనూ అచ్చు కాదు. దారి పెట్టడాన్ని పైపుల పని అని తేలిగ్గా తీసేయడం వల్లే ఇలాంటి తీర్పులు పైపుల్లో దాక్కుంటున్నాయి.

కిడ్నీ జబ్బు విషయంలో ఈ ప్రమాదం ఇంకా బరువైనది. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో ఆ జబ్బు తాకని బంధువర్గం అరుదు. 2023 డిసెంబర్ 14న పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. అంతకుముందు పెద్ద వైద్యమంటే విశాఖ దారే. ఒక మనిషి రక్తపరీక్ష ఊరి కేంద్రంలో, క్రియాటినిన్ ఫలితం ఇంకోచోట, డయాలసిస్ వేరేచోట, పింఛను మరోచోట. ఒకచోట ఇంటిపేరు ముందుంటుంది, ఇంకోచోట ఒక్క అక్షరంగా మిగులుతుంది, అప్పల అన్న ముక్క ఒక కార్డులో ఉంటుంది, ఒక దానిలో ఉండదు. అడిగిన ప్రశ్నకీ వచ్చిన జవాబుకీ ఒకే గుర్తు అంటించకపోతే జవాబు ఎవరిదో ఎవరూ చెప్పలేరు. పేర్లు పోల్చి ఊహించే పని మధ్యలో పెట్టెకి అప్పజెబితే, ఒకరి క్రియాటినిన్ ఇంకొకరి కాగితంలో పడే రోజు వస్తుంది. 2021 సెప్టెంబర్‌లో దేశమంతటా మొదలైన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ ఈ విషయంలో సరైన దారి పట్టింది. మనిషికి 14 అంకెల ఆభా సంఖ్య, రికార్డు మాత్రం పుట్టిన ఆసుపత్రిలోనే. మధ్యలో నడిచేది సమ్మతి, ఫలానాచోట ఉందన్న ఆచూకీ. అన్నీ తెచ్చి ఒక గాదెలో పోయలేదు. ఢిల్లీ నుంచి వచ్చిన ఈ నమూనాని మెచ్చుకోవడానికి నాకేమీ అడ్డు లేదు. అలాంటి నమూనా పక్కనే ఉండగా జిల్లా స్థాయి టెండర్లలో ఇంకా అంతా తెలిసిన హబ్ అని రాసుకోవడమే బాధ.

ఇప్పుడు ఏఐ సంగతి. నిబంధనలు ఎందుకు, సందేశం చదివి ఎక్కడికి పోవాలో అదే అర్థం చేసుకుంటుంది అంటున్నారు. పాత హబ్‌కి పలాస తెలియకపోతే కనీసం పక్కన పడేసింది, ఫైల్లో ఆనవాలు మిగిలింది, మూడు వారాలకైనా వెతికి తీశాం. ఊహించే రౌటర్ పక్కన పడేయదు. టెక్కలి దగ్గరగా ఉంది కదా అని టెక్కలికి పంపేస్తుంది. అక్కడివాళ్లు మాది కాదని మూసేస్తారు. అంతా చేరినట్టే లెక్క, పళ్లెంలో మిగిలింది సున్నా. దారి తప్పిన సందేశంకన్నా తప్పు గుమ్మంలో నమ్మకంగా దిగిన సందేశం ప్రమాదకరం, దాన్ని ఎవరూ వెతకరు.

2025 జనవరి 30న వాట్సాప్‌లో రాష్ట్ర ప్రభుత్వ సేవలందించే మన మిత్ర వచ్చింది, 161 సేవలతో మొదలై. మా అమ్మ వయసువాళ్లు కూడా మనవల చేత దాంట్లో అర్జీ పెట్టించుకుంటున్నారు, సంతోషమే. కానీ గుమ్మం ఒకటైనంత మాత్రాన లోపలి గదులు ఒకటి కావు. ఆ ఒక్క గుమ్మం చూపించి ఇక దారుల గురించి ఆలోచించే పని తీరిపోయిందని ఎవరైనా అంటే, వాళ్లని నేను అడిగే ప్రశ్న ఒక్కటే. ఏ నిబంధనకీ తగలని అర్జీ ఈ క్షణాన ఎక్కడుంది, దాన్ని ఇవాళ సాయంత్రం ఎవరు తెరుస్తారు?

పలాస పేరు తెలియక మూడు వారాలు పోగొట్టుకున్న ఆ సంస్థలో మేం తర్వాత డివిజన్ పేర్లన్నీ హబ్‌లోంచి తీసేశాం. ఏ మండలం ఏ ఆఫీసు కిందికి వస్తుందో చిన్న పట్టికగా ఆ ఆఫీసులకే ఇచ్చేశాం, వాళ్లే దిద్దుకుంటారు. చేరనివాటి పెట్టెకి ఒక పేరు, ఒక ఫోన్ నంబరు పెట్టాం. రోజూ సాయంత్రం నాలుగింటికి దాన్ని తెరిచేది, ఆ రోజు ఫోన్ చేసిన ఆ కౌంటర్ ఆవిడే.